మల్లి పేరున ఒక నోటు పుస్తకం

మా బీరువా పై అరలో, ఇంటి పన్ను రసీదుల పక్కన, రెండు వందల పేజీల పొడవాటి నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. దాని అట్ట మీద ‘మల్లి’ అని రాసి ఉంటుంది. మల్లి మా కుక్క. ఏడేళ్ల క్రితం వర్షాకాలంలో, విజయవాడ పటమటలో మా సందు చివర, మురుగుకాల్వ గట్టున తడిసి ముద్దయి దొరికిన దేశవాళీ ఆడపిల్ల. దాని బరువు, వేయించిన టీకాలు, పట్టిన జబ్బులు, చేయించిన పరీక్షలు, ఒక్కోదానికీ అయిన ఖర్చు తేదీలతో సహా ఆ పుస్తకంలో ఉంటాయి. “మనుషులకే లేదు, కుక్కకు ఖాతా పుస్తకమేమిటమ్మాయ్” అని మా అత్తగారు మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు తన మోకాళ్ల మందుల లెక్క కూడా అందులోనే, చివరి పేజీల నుంచి వెనక్కి, నాచేత రాయిస్తున్నారు. ఈమధ్య మా వీధిలో కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్న దంపతులు వచ్చి, మంచి డాక్టరు ఎవరు, నెలకు ఎంతవుతుంది అని అడిగారు. ఆ రెండు ప్రశ్నలూ వేర్వేరు కావని చెప్పడానికి ఆ పుస్తకం తీసి వాళ్ల ముందు పెట్టవలసివచ్చింది. ఆ రోజు చెప్పినవాటినే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పుస్తకంలో అన్నిటికంటే నలిగిపోయిన పేజీలు మల్లికి రెండో ఏడు నిండిన వేసవివి. మే నెలలో ఒకరోజు అది అన్నం ముట్టలేదు. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది, మూడో రోజుకు లేచి నిలబడటమే కష్టమైంది. ఇంటికి దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో ఒక క్లినిక్కుకు తీసుకువెళ్లాను. అక్కడ దాన్ని తూచలేదు, నోరు తెరిచి చూడలేదు. ఎండదెబ్బ అని చెప్పి, సెలైన్ పెట్టి, మూడు సూదులు వేసి, మర్నాడు మళ్లీ రమ్మన్నారు. అలా మూడు రోజులు తిరిగాను. ఏ మందు ఎక్కించారో చీటీలో లేదు, అడిగితే “జ్వరానికీ, బలానికీ” అన్నారు. మొత్తం 4,200 రూపాయలయ్యాయి. నాలుగో రోజు జ్వరం తగ్గినట్టే కనిపించింది. ఐదో రోజు పొద్దున దాని ముక్కులోంచి రక్తం కారి, అది పడుకున్న గోనెపట్టా మీద మరకైంది.

ఆ పూట ఏలూరు రోడ్డు వైపున్న మరో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ ముందు తూకం వేయించారు, 15 కిలోల 200 గ్రాములు. పై పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్లు చూశారు, పొట్ట చర్మం మీద ఆవగింజలంత ఎర్రటి చుక్కలు నాకు చూపించారు, కాలివేళ్ల మధ్య వెతికి రెండు గోమార్లను పీకి టేబుల్ మీద పెట్టారు. తర్వాత రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కనీసం రెండు లక్షలైనా ఉండవలసిన ప్లేట్‌లెట్లు మల్లికి 38,000 ఉన్నాయి. కిట్ పరీక్షలో ఎర్లీకియా అని తేలింది. గోమార్లు కుట్టడం వల్ల రక్తంలో చేరే సూక్ష్మజీవి తెచ్చే జ్వరం అది. మందు డాక్సీసైక్లిన్, 28 రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా వేయాలి. ఆ మాత్రలు మనుషుల మందుల షాపులో దొరికేవే, నెల మొత్తానికీ మూడు వందల రూపాయలు దాటలేదు. మల్లిని బతికించిన మందు ఆ నెల ఖర్చులన్నిటిలోకీ చౌకైనది కావడం ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది.

మాత్రను పెరుగన్నంలో కలిపి పెడతానంటే ఆవిడ వారించారు. పాలు, పెరుగు పక్కన పడితే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదట, ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుందట. కాబట్టి ఉత్త అన్నంలో కోడికూర ముక్క కలిపి పెట్టి, పైన నీళ్లు తాగేలా చూడమన్నారు. ఇంతకంటే విలువైన మాట మరొకటి చెప్పారు. నెల తిరిగాక మళ్లీ కిట్ పరీక్ష చేయించాలా అని అడిగితే, “వద్దమ్మా, జబ్బు తగ్గినా రక్తంలో ఆ గుర్తు నెలల తరబడి ఉంటుంది, పాజిటివ్ అని చూసి మీరు భయపడటం తప్ప ఉపయోగం లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం చూద్దాం” అన్నారు. రెండు వేలకు పైగా అయ్యే పరీక్షను ఆవిడ తన నోటితో తానే వద్దన్నారు. ఆ క్షణంలోనే ఈవిడే మా డాక్టరు అని నేను నిశ్చయించుకున్నాను. ఏయే పరీక్ష ఎందుకు అవసరమో చెప్పగలవారు చాలామంది ఉంటారు కానీ, ఏది అక్కర్లేదో, ఎందుకు అక్కర్లేదో చెప్పేవారు అరుదు.

గోమార్ల సంగతిలో నాకు తెలియని విషయం ఇంకొకటి ఆ రోజే తెలిసింది. కుక్కలను పట్టే ఆ గోధుమరంగు గోమారి రక్తం తాగిన తర్వాత కుక్కను వదిలి, గోడ పగుళ్లలోకి, గుమ్మం సందుల్లోకి పోయి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు మళ్లీ పాకుతూ వచ్చి కుక్కనే పట్టుకుంటాయి. ఒంటి మీద ఉన్నవాటిని పీకి పారేసినంత మాత్రాన ఇల్లు బాగుపడదు. అందుకే ఆ జూన్ నెల లెక్కలో, మందుల జాబితా మధ్యలో, ‘వైట్ సిమెంటు, 2 కిలోలు’ అన్న పద్దు ఉంటుంది. వరండా గోడ పగుళ్లన్నీ మా వారు ఒక ఆదివారం కూర్చుని పూడ్చారు.

మొదటి క్లినిక్కులో ఫీజు 200, రెండో చోట 500. ఫోన్‌లో అడిగి ఫీజు తక్కువ ఉన్నచోటికి వెళ్లేవారిని చూస్తే నాకు ఈ రెండు అంకెలే గుర్తొస్తాయి. ఖర్చు ఫీజులో ఉండదు, ఫీజు తర్వాత ఏం జరుగుతుందన్న దానిలో ఉంటుంది. మూడు రోజుల సెలైన్లకు పోసిన 4,200లో సగం పెడితే మొదటి రోజే రక్తపరీక్ష అయిపోయేది, మల్లికి ఆ ఐదు రోజుల యాతన తప్పేది. రెండో చోట కూరగాయల బండి దగ్గర ఆడినట్టు ఫీజు బేరమాడుతున్న ఒక పెద్దమనిషిని చూశాను; ఆయన చేతిలోని గోల్డెన్ రిట్రీవర్ పిల్లకు ఎంత పెట్టి ఉంటారో నేను ఊహించగలను.

డాక్టరు అసలు డాక్టరేనా అన్నది ముందు తేల్చుకోవలసిన విషయం. అడగడానికి మనకు మొహమాటం, అది ఎదుటివారికి తెలుసు. మన దేశంలో పశువైద్య పట్టా బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్.; ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం, నమోదు చేసుకున్న పశువైద్యులే వైద్యం చేయాలి. డిప్లొమా చదివిన సహాయకులు కొన్ని చిన్న సేవలు మాత్రం, అదీ డాక్టరు పర్యవేక్షణలో, చేయవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీదో చీటీ మీదో ఉండాలి. ఇంటికొచ్చి టీకా వేసిపోయే కుర్రాడు, పెంపుడు జంతువుల షాపు వెనక గదిలో సూది వేసే మనిషి, ‘డాక్టరు గారి దగ్గర పదేళ్లు చేశాను’ అనే కాంపౌండరు, వీరెవరికీ ఆ నంబరు ఉండదు. పట్టా ఉన్న అందరూ కుక్కల వైద్యంలో ఒకేలా ఉంటారనీ కాదు. గేదెల కాన్పులు చేయడంలో జీవితం గడిపిన నిపుణుడికి పిల్లి మూత్రం బిగిసిపోవడం కొత్త కావచ్చు, అది ఆయన తప్పు కాదు. రోజుకు ఎన్ని కుక్కలను, ఎన్ని పిల్లులను చూస్తారండీ అని అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు. శస్త్రచికిత్స వరకూ వస్తే, సర్జరీలో ఎం.వి.ఎస్సీ. (పశువైద్యంలో పీజీ) చేసినవారు ఎవరని కూడా అడగవచ్చు.

డాక్టరును ఎంచుకోవలసింది జబ్బు వచ్చినప్పుడు కాదు. రాత్రి పదకొండింటికి వాంతులు చేసుకుంటున్న కుక్కను ఒడిలో పెట్టుకున్న మనిషి దేన్నీ ఎంచుకోలేడు; ఎవరి తలుపు తెరిచి ఉంటే అక్కడికే పోతాడు. ఆరోగ్యంగా ఉన్న కుక్కను టీకా కోసం తీసుకువెళ్లిన రోజున, మన బుర్ర కుదురుగా ఉన్నప్పుడు, చుట్టూ చూడాలి. టీకాకు ముందు తూచి, జ్వరం చూసి, గుండె వింటున్నారా? టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక దాన్ని ఫ్రిజ్‌లోంచి తీశారా, లేక టేబుల్ సొరుగులోంచా? ఆ సీసా మీది చీటీని, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనబడేలా, కార్డులో అతికిస్తున్నారా, లేక పెన్నుతో ‘డన్’ అని గీసి సరిపెడుతున్నారా? టీకా వేశాక ఒక పావుగంట కూర్చోమంటున్నారా? కొన్ని కుక్కలకు ముఖం ఉబ్బడం, వాంతులు వంటివి ఆ కాసేపట్లోనే మొదలవుతాయి. ఎక్స్‌రే, స్కానింగ్ అక్కడే ఉన్నాయా, లేకపోతే ఎక్కడికి పంపుతారు? రాత్రిపూట ఫోన్ ఎత్తేది ఎవరు? ఈ ఆఖరి ప్రశ్నకు మా డాక్టరు గారు, “తొమ్మిది దాటాక నేను ఎత్తను, కానీ ఎత్తే ఇద్దరి నంబర్లు ఇస్తాను” అన్నారు. ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉంటామని బోర్డు పెట్టి రాత్రి షట్టర్ వేసుకునే చోటుకన్నా ఆ జవాబు నాకు నచ్చింది. మల్లి ప్రవర్తన కూడా నాకు కొంత చెప్పింది. మొదటి క్లినిక్కు గుమ్మం దగ్గర అది ఈనాటికీ కాళ్లు నేలకు అదిమిపట్టి కదలదు. రెండో చోట తోక ఊపకపోయినా కనీసం లోపలికి నడుస్తుంది.

ప్రభుత్వ పశువైద్యశాలలు ఆవులకూ గేదెలకే అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మల్లి ముందరి కాలు బెణికి, ఎముక సంగతి తేలక, మా డాక్టరు గారే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు పంపారు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే ఆ కళాశాల ఆసుపత్రిలో చీటీ ఖర్చు నామమాత్రం. కానీ ఒక పూట పూర్తిగా పోతుందని సిద్ధపడి వెళ్లాలి. “కుక్కను ఎక్కించను మేడమ్, సీటు పాడవుతుంది” అని ఇద్దరు ఆటోవాళ్లు పోయాక, దుప్పటి పరుస్తానని ఒప్పందం చేసుకుంటే మూడో ఆయన వచ్చాడు. ఆ రోజు వైద్యానికంటే ఆటోకే ఎక్కువైంది. అక్కడ ఆరుగురు విద్యార్థులు మల్లి చుట్టూ చేరి, ఒకరు పట్టుకుంటే ఒకరు రాసుకుంటూ, ఏం తింటుంది, ఎప్పుడు పడింది, ఏ కాలి మీద బరువు వేస్తుంది అని అడిగిన ప్రశ్నలన్నీ ప్రొఫెసరు గారు వచ్చి మళ్లీ మొదటి నుంచి అడిగారు. తొందర ఉన్నవారికి అది విసుగు పుట్టించవచ్చు. నాకైతే అంత శ్రద్ధగా ఎవరూ మా కుక్కను చూడలేదనిపించింది. హైదరాబాదులో ఉన్నవారికి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఉన్నాయి. అత్యవసరం కాని శస్త్రచికిత్సలకు, ఖరీదైన చోట చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకోవడానికి, ఇలాంటి చోట్లకు వెళ్లడం మంచిది. రేబిస్ టీకా మాటకొస్తే, లూయీ పాశ్చర్ 1885లో ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా ఇచ్చిన జులై 6న జరిపే జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, సెప్టెంబరు 28న రేబిస్ దినం నాడు, పశుసంవర్ధక శాఖవారు ఊరూరా ఉచితంగా టీకాలు వేస్తుంటారు. ఉచితమైనది నాసిరకమని అనుకునే మా పక్కింటి పిన్నిగారిని ఒప్పించడానికి నాకు రెండు జులైలు పట్టింది.

ఇక లెక్కలు. కుక్కపిల్లకు మొదటి ఏడాది టీకాల ఖర్చు ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండే దాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేయించాలి, మూడు నెలలు దాటాక రేబిస్ టీకా. మధ్యలో ఒకటి ఎగ్గొట్టి డబ్బు మిగిల్చుకుందామనుకుంటే పార్వో అనే ప్రాణాంతకమైన వాంతుల, విరేచనాల జబ్బు రావచ్చు. అది పట్టిన పిల్లను బతికించడానికి రోజుల తరబడి సెలైన్ కింద ఉంచవలసివస్తుంది, అప్పటికీ బతుకుతుందన్న నమ్మకం లేదు. మల్లికి ఇప్పుడు ఏడాదికి టీకాలు, గోమార్ల మాత్రలు, నులిపురుగుల మందు, ఒక రక్తపరీక్ష కలిపి పద్నాలుగు వేల దాకా అవుతోంది. అందులో సగానికి పైగా ఆ గోమార్ల మాత్రలదే. మూడు నెలలు పనిచేసే ఆ మాత్ర ధర చూసి నాకూ మొదట గుండె ఆగినంత పనైంది కానీ, ఎర్లీకియా నెలలో అయిన మొత్తం పుస్తకంలో ఉంది కదా, పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నోరు మెదపలేదు. మూర్ఛలు వచ్చే కుక్కలకు మాత్రం ఆ రకం మాత్రలు డాక్టరుకు చెప్పకుండా వేయకూడదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విషయంలో మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఒక్కసారైనా పిల్లల్ని కననివ్వాలి, లేకపోతే పాపం అన్నది మా అత్తగారి పట్టు. మల్లికి ఏడాదిన్నర వయసులో 6,500 రూపాయలతో ఆపరేషన్ చేయించాం. ఎదురింటి పొమరేనియన్‌కు చేయించలేదు. దానికి తొమ్మిదో ఏట, ఎదకు వచ్చిన నెల తర్వాత, గర్భసంచిలో చీము పట్టింది. విపరీతంగా నీళ్లు తాగుతోందని, ఎండలు కదా అని ఊరుకున్నారు. అర్ధరాత్రి ఆపరేషన్, మూడు రోజుల ఆసుపత్రి, 31,000 రూపాయలు. కుక్క దక్కింది. వాళ్ల అబ్బాయి కాలేజీ ఫీజు ఒక నెల ఆలస్యంగా కట్టారు. అత్తగారు ఆ తర్వాత పాపం మాట ఎత్తలేదు.

ఇలాంటి అర్ధరాత్రుల కోసం మల్లి పేరు చెప్పి బ్యాంకులో నెలకు 700 రూపాయల రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను. పోస్టాఫీసులో పెడితే ఐదేళ్లు. మూడేళ్లు నిండేదాకా మూయడానికి వీలు లేదు, కుక్క జబ్బు ఆగదు కదా. పెంపుడు కుక్కల బీమా పాలసీలు రెండు తెప్పించి చదివాను. గరిష్ఠ వయసు, మొదటి కొన్ని వారాల పాటు క్లెయిమ్ చెల్లదన్న నియమం, ముందే ఉన్న జబ్బులకు మినహాయింపు, టీకా కార్డులో ఖాళీలుంటే తిరస్కరణ, ఇవన్నీ దాటుకుని లెక్క వేస్తే మా దేశవాళీ కుక్కకు గిట్టుబాటు కాదనిపించింది. తుంటి కీళ్ల జబ్బులు వచ్చే పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నవారు మాత్రం మొదటి ఏడాదిలోనే ఆలోచించుకోవాలి. జబ్బు పేరు ఒకసారి చీటీలోకి ఎక్కాక ఆ తలుపు మూసుకుంటుంది.

సొంత వైద్యంతో మిగుల్చుకునే డబ్బు గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె గోమార్లకు రాయమని నాకు కనీసం పదిమంది చెప్పారు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, కర్పూరం దాని కడుపులో విషం. పశువులకు కొట్టే గోమార్ల మందును అందాజుగా నీళ్లలో కలిపి పిల్లికి పూస్తే పిల్లి వణికి చచ్చిపోగలదు. మనం తలనొప్పికి వేసుకునే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు పిల్లి ప్రాణం తీయడానికి. ఐబూప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది: చీటీలో రాసినవన్నీ మందులు కావు. ప్రతి చీటీ చివరా ఒక లివర్ టానిక్కు, ఒక బలం మందు, వెంట్రుకలు మెరవడానికి ఒక నూనె కనిపిస్తే, “వీటిలో మానేస్తే నష్టం లేనిది ఏది?” అని అడగడం నేర్చుకున్నాను. పెద్ద జాతి కుక్కపిల్లలకు బలం కోసమని పట్టే కాల్షియం ఎక్కువైతే వాటి ఎముకలే వంకరపోతాయి.

అన్నిటికంటే కష్టంగా నేర్చుకున్నది నా దగ్గర ఎంత ఉందో డాక్టరుకు చెప్పడం. కిందటేడు నెలాఖరున మల్లికి పచ్చకామెర్లలా కనబడి, ఐదు పరీక్షల జాబితా చేతికొచ్చినప్పుడు, “మేడమ్, ఇవాళ నా దగ్గర మూడు వేలే ఉన్నాయి, వీటిలో ముందు ఏది చేయాలి?” అని అడిగాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆవిడ ఆ కాగితం వెనక్కి తీసుకుని, రెండు పరీక్షలకు గుర్తు పెట్టి, మూడోదాన్ని వాటి ఫలితం వచ్చాక చూద్దామని, మిగతా రెండూ కొట్టేశారు. ఆ రెండింటి అవసరం చివరిదాకా రాలేదు. ఆపరేషన్ వంటివాటికి ముందే ఒక అంచనా కాగితం మీద రాసివ్వమని, అనుకున్నదానికంటే పెరిగేలా ఉంటే ఫోన్ చేసి అడిగాకే ముందుకు వెళ్లమని చెప్పడం కూడా అప్పటి నుంచే అలవాటైంది.

కొత్త దంపతుల కుక్కపిల్లకు మొన్న బుధవారం రెండో టీకా వేయించారు. వాళ్లతో పాటు మల్లిని కూడా ఏడాది పరీక్షకు తీసుకువెళ్లాను. 17 కిలోల 400 గ్రాములు, ప్లేట్‌లెట్లు 2,60,000, వెనక దంతాల మీద గార పట్టింది, వచ్చే శీతాకాలంలో శుభ్రం చేయించాలట, ఖర్చు అంచనా రాసిచ్చారు. రాత్రి ఆ పద్దులు రాస్తుంటే, తన మోకాళ్ల మాత్రల పేజీ అయిపోవచ్చిందని, మల్లి లెక్కకు అడ్డం రాకుండా కొత్త పుస్తకం కొనమని అత్తగారు గుర్తు చేశారు.